డిస్కు కొన్నవారికి దక్కినది: తెలుగు సినిమా ‘ప్రతి’, డిజిటల్ వీక్షణ హక్కు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

వీసీడీగానో డీవీడీగానో కొన్న తెలుగు సినిమాను అదే కొనుగోలు ఆధారంగా అంతర్జాలంలో చూసే ఏర్పాటు తెలుగు ప్రేక్షకునికి అందలేదు. అమెరికాలో అటువంటి ఏర్పాట్లు వచ్చాయి. వాటిలో ప్రధానమైనది ఎనిమిదేళ్లు తిరగకముందే మూతపడింది. తెలుగులో మాత్రం డిస్కులు అమ్మిన సంస్థలే తమ చేతిలోని సినిమాలను యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచాయి. ఈ పరిణామాన్ని సౌకర్యం దృష్టితో మాత్రమే చూస్తే సినిమా ‘పాఠం’ స్థిరత్వానికి సంబంధించిన ప్రశ్న మరుగున పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విశాఖపట్నం నేపథ్యంగా డిస్కు స్వభావాన్ని, పాఠాంతరాల సమస్యను, కాపీరైటు చట్టంలోని అవకాశాలను, లోపాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: తెలుగు సినిమా, డిస్కు, స్ట్రీమింగ్, ప్రతి, పాఠాంతరం, కాపీరైటు చట్టం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో రెండు దశాబ్దాల కిందట కాపురం పెట్టిన మధ్యతరగతి ఇళ్లలో టీవీ కింది అరను వెదికితే సినిమా డిస్కుల కట్ట ఒకటి దొరకడం అరుదు కాదు. వాటిని ఆడించే ప్లేయరు మాత్రం చాలా ఇళ్లలో మూలపడి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అర ఉండదు. కొత్త టీవీ అంతర్జాలానికి తగులుకుంటుంది తప్ప డిస్కును ఎరగదు. డబ్బు పెట్టి కొన్న సినిమా ఇంట్లోనే ఉంటుంది, చూడటానికి వీలుండదు. అదే సినిమా కోసం ఓటీటీ చందా కట్టవలసి వస్తుంది, లేదా యూట్యూబ్‌లో ప్రకటనల మధ్య చూడవలసి వస్తుంది.

ఒకసారి కొన్న సినిమాను మళ్లీ కొనవలసి రావడం వినియోగదారుని ఫిర్యాదుగా కనిపించవచ్చు. సినిమాను పాఠంగా స్వీకరించి పరిశోధించేవారికి ఇది అంతకన్నా లోతైన సమస్య. పరిశోధకుడు ఉదహరించిన దృశ్యాన్ని మరొకరు అదే రూపంలో తిరిగి చూడగలగాలి. ఆ హామీ డిస్కులో ఎంత ఉన్నది, స్ట్రీమింగ్‌లో ఎంత మిగిలినది అన్నదే ఇక్కడ విచారించవలసిన అంశం.

2. డిస్కు అనే వస్తువు

వీసీడీ ప్రమాణం 1993లో స్థిరపడింది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం పడుతుంది. రెండున్నర గంటలు దాటే తెలుగు సినిమాకు అందుకే రెండు లేదా మూడు డిస్కులు కావలసి వచ్చాయి. పాల్ పద్ధతిలో దాని బొమ్మ పరిమాణం 352×288 చుక్కలు. తరువాత వచ్చిన డీవీడీలో అది 720×576కు పెరిగింది. సినిమా మొత్తం ఒకే డిస్కులో ఇమిడింది. వీసీడీకి తాళం లేదు, ప్రాంతీయ సంకేతం లేదు. డీవీడీకి రెండూ వచ్చాయి. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించిన డీవీడీ పటంలో భారతదేశం అయిదవ ప్రాంతం, అమెరికా మొదటి ప్రాంతం.

డిస్కును సామాన్యుడు కొనే వస్తువుగా మార్చినది ధర. మోజర్ బేర్ సంస్థ గృహవీక్షణ రంగంలోకి వచ్చి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. అప్పటివరకు అద్దెకు తెచ్చుకున్నవారు కొనడం మొదలుపెట్టారు. అద్దెకు తెచ్చినది మరునాడు తిరిగి ఇచ్చేయాలి. కొన్నది బీరువాలో ఉంటుంది; పక్కింటివారు అడిగితే ఇవ్వవచ్చు; ఊరు మారితే వెంట తీసుకుపోవచ్చు. శ్రీ బాలాజీ వీడియో, వోల్గా వీడియో వంటి తెలుగు సంస్థల డిస్కులు ఇదే మార్గంలో ఇళ్లకు చేరాయి.

విశాఖ వంటి నగరానికి ఈ స్వేచ్ఛ ప్రత్యేకంగా అమరింది. ఇక్కడ సినిమా హాలు నగర భౌగోళికంలో భాగం. జగదాంబ థియేటరు తన పేరును ఒక కూడలికే ఇచ్చింది. అయితే హాలు ఆట సమయాలను తానే నిర్ణయిస్తుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1982లో ఏర్పడిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ నడిపే ఉక్కు కర్మాగారం రాత్రింబవళ్లు పనిచేసే చోట్లు. కొలిమి ఆగదు కనుక కార్మికుడు షిఫ్టుల వారీగా వెళ్లక తప్పదు. రాత్రి షిఫ్టు దిగి ఉక్కునగరం చేరినవానికి పొద్దున తొమ్మిది గంటలకు సినిమా చూసే వీలు కల్పించినది హాలు కాదు, డిస్కు. సమయంపై ప్రేక్షకునికి దక్కిన ఈ అధికారాన్నే నేటి స్ట్రీమింగ్ సంస్థలు తమ కొత్త వరంగా చెప్పుకుంటున్నాయి.

డిస్కు శాశ్వతం అనుకోవడం కూడా పొరపాటే. కాంతిని తిప్పికొట్టే పలుచని అల్యూమినియం పొర మీదనే దాని ప్రాణం ఉంది. వీసీడీలో ఆ పొర పైభాగాన, అచ్చు వేసిన బొమ్మకు కొంచెం దిగువన, పలుచని వార్నిష్ పూత రక్షణలో ఉంటుంది. డీవీడీలో రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ ఉంటుంది. అంచుల నుండి తేమ చొరబడితే లోహం ఆక్సీకరణ చెందుతుంది. సముద్రపు గాలి, ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోత ఉండే విశాఖలో ఈ ప్రమాదం తక్కువేమీ కాదు. కనుక డిస్కులోని సినిమాను మరో మాధ్యమంలోకి మార్చుకోవడం వాయిదా వేయదగిన పని కాదు.

3. వంతెన కట్టిన చోట

డిస్కుకూ స్ట్రీమింగ్‌కూ మధ్య వంతెన కట్టే ప్రయత్నం అమెరికాలో 2011 అక్టోబరులో ‘అల్ట్రావయొలెట్’ పేరుతో మొదలయింది. స్టూడియోలు, ఎలక్ట్రానిక్స్ సంస్థలు, దుకాణాలు కలిసి ఏర్పరచిన కూటమి దీనిని నడిపింది. డిస్కు పెట్టెలోని సంకేత సంఖ్యను నమోదు చేస్తే ఆ సినిమా కొనుగోలుదారుని డిజిటల్ ఖాతాలో చేరేది. 2012లో వాల్‌మార్ట్ తన దుకాణాలలో మరొక సేవ ప్రారంభించింది. పాత డిస్కును వెంట తీసుకువెళ్లి చూపిస్తే, 2 డాలర్లకు మామూలు నాణ్యతలోను, డీవీడీని 5 డాలర్లకు మెరుగైన నాణ్యతలోను ‘వుడూ’ ఖాతాలో ఆ సినిమాను చేర్చేవారు. తరువాతి కాలంలో పెట్టె మీది చారల గుర్తును ఫోనుతో చూపితే సరిపోయే పద్ధతి వచ్చింది.

ఈ ఏర్పాటులో ఒక గుర్తింపు ఉంది. ప్రేక్షకుడు ఇదివరకే కొన్నాడు కనుక అతనికి కొంత చెల్లు ఉంది అని అమ్మకందారు ఒప్పుకోవడమే ఆ గుర్తింపు. అయితే ఆ చెల్లు ఎక్కడ నిలిచి ఉంది? డిస్కులో కాదు, ఒక కూటమి నిర్వహించే జాబితాలో. అల్ట్రావయొలెట్ 2019 జూలై 31న మూతపడింది. ముందుగా ఇతర దుకాణాల ఖాతాలతో ముడివేసుకున్నవారి సినిమాలు చాలావరకు అక్కడ నిలిచాయి. 2017 అక్టోబరులో వచ్చిన ‘మూవీస్ ఎనీవేర్’ కొంత భాగాన్ని అందుకుంది గాని, అది అమెరికాకు పరిమితం. అందులో చేరినవి హాలీవుడ్ పెద్ద స్టూడియోలు. వుడూ పేరు కూడా 2024లో మారిపోయింది. పదమూడేళ్ల వ్యవధిలో కూటమి పోయింది, దుకాణం పేరు పోయింది. 2011లో కొన్న డిస్కు మాత్రం ప్లేయరు ఉంటే నేటికీ ఆడుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఈ వంతెన మీద నడిచే అవకాశం కూడా రాలేదు. వారు కొన్న తెలుగు డీవీడీల హక్కులు ఆ కూటములలోని స్టూడియోలవి కావు. సొంతంగా నకలు చేసుకుందామన్నా 1998 నాటి అక్కడి డిజిటల్ కాపీరైటు చట్టం డిస్కు తాళాన్ని తీయడాన్నే నిషేధించింది. 2006లో సినిమా అధ్యయన విభాగాల ఆచార్యులకు తరగతి అవసరం కోసం పరిమితమైన మినహాయింపు లభించింది. సొంత డిస్కును సొంత అవసరానికి మరో మాధ్యమంలోకి మార్చుకొనే మినహాయింపును మాత్రం 2012లోను, 2015లోను నిరాకరించారు. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుండి అమలయ్యేలా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వెనక్కి తీసుకోగల లైసెన్సును అమ్ముతూ, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదు. ఒక క్రియాపదం అర్థం మారిపోయిందని శాసనసభే అంగీకరించిన సందర్భం ఇది.

4. తెలుగులో జరిగినది

తెలుగులో వంతెన లేదు. దుకాణమే చోటు మార్చింది. డిస్కులు అమ్మిన సంస్థలు తమ వద్ద హక్కులున్న సినిమాలను యూట్యూబ్ ఛానళ్లలో పెట్టాయి. శ్రీ బాలాజీ వీడియో, వోల్గా వీడియో పేర్లు నేటి యువ ప్రేక్షకులకు ఛానళ్లుగానే తెలుసు. ఇటువైపు 2020లో ‘ఆహా’ తెలుగుకే ప్రత్యేకించిన ఓటీటీగా వచ్చింది. చవక డిస్కులతో అంగడిని మార్చిన మోజర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియలో భాగంగా లిక్విడేషన్‌కు చేరింది.

ఈ మార్పు ప్రేక్షకునికి మేలు చేయలేదనడం అన్యాయం. పైసా చెల్లించకుండా వందల పాత సినిమాలు అందుబాటులోకి వచ్చాయి. డిస్కుగా ఎన్నడూ రాని చిత్రాలు కూడా కొన్ని వెలుగు చూశాయి. కాని డిస్కు కొన్నవాడూ కొననివాడూ ఇక్కడ సమానమే. కొనుగోలు అనే చర్యకు ఏ విలువా మిగలలేదు. అంతకన్నా ముఖ్యంగా, పెట్టినవారు ఎప్పుడైనా తీసివేయగల చోట సినిమా నిలిచి ఉంది.

తీసివేత ఎవరి దురుద్దేశం వల్లనో జరగనవసరం లేదు. హక్కుల పత్రాల స్వభావమే అందుకు చాలు. కాపీరైటు బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది అయిదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశమేనని 1957 నాటి కాపీరైటు చట్టంలోని 19వ సెక్షను భావిస్తుంది. 2012 సవరణ 18వ సెక్షనుకు మరొక నిబంధన చేర్చింది. బదిలీ నాటికి లేని, లేదా వాణిజ్య వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ బదిలీ వర్తించాలంటే దాని పేరు పత్రంలో ప్రత్యేకంగా ఉండాలి. రచయితల రక్షణకు ఉపకరించే న్యాయమైన నిబంధన ఇది. దాని పర్యవసానంగా ఒకే సినిమాకు డిస్కు హక్కు ఒకరి చేతిలో, టీవీ హక్కు మరొకరి చేతిలో, అంతర్జాల హక్కు ఇంకొకరి చేతిలో ఉండే స్థితి మరింత బలపడింది. ఇటువంటి చోట డిస్కు కొన్నవానికి స్ట్రీమింగ్ ఇస్తామని మాట ఇవ్వగల అధికారి ఎవరన్నది తేలదు. తెలుగులో వంతెన రాకపోవడానికి సాంకేతికత లోపించడం కన్నా హక్కుల ఈ చీలికే బలమైన కారణంగా కనిపిస్తుంది.

చీలిక భాషను సైతం విడదీసింది. 2022 మే నెలలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ తెలుగు రూపం జీ5లో, హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయ్యాయి. ప్రపంచ ప్రేక్షకులలో అనేకులు తెలుగు సినిమాను హిందీ అనువాద ధ్వనితో చూశారు. ఒకే డీవీడీలో అనేక భాషల ధ్వనులను ఇమిడ్చి, ఎంపికను చూసేవానికి వదలగల సాంకేతికత తరం కిందటే ఉందన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

5. ప్రతి, పాఠం, పాఠాంతరం

తెలుగు సాహిత్య పరిశోధనకు ‘ప్రతి’ కొత్త భావన కాదు. సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులను సేకరింపజేసి, కాగితం మీదికి ఎక్కింపజేసి, పోల్చి చూసే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపాడు. విశాఖపట్నంలో పరవస్తు వారి ఆర్ష ముద్రాక్షరశాల ప్రాచీన గ్రంథాలను అచ్చులోకి తెచ్చింది. ఏ పద్యం ఏ ప్రతిలో ఉన్నది, ఏ ప్రతిలో లోపించినది అని చెప్పని పరిష్కర్తను విద్వల్లోకం ఆమోదించదు. అదే విద్వల్లోకం సినిమా గురించి రాసేటప్పుడు ఏ ప్రతిని చూసినదీ చెప్పకుండానే సాగిపోతున్నది. ఈ అలవాటును విమర్శకు నిలబెట్టవలసి ఉంది.

‘అల్లూరి సీతారామరాజు’ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 1974లో వచ్చిన ఈ చిత్రం తెలుగులో తొలి సినిమాస్కోప్. అప్పటి విశాఖపట్నం జిల్లా మన్యంలోని చింతపల్లి పరిసరాలు దాని చిత్రీకరణ స్థలాలు. వెడల్పు తెర ఇందులో అలంకారం కోసం రాలేదు. కొండల వరుస, గుంపుగా నడిచే గిరిజనులు, వారి నడుమ కథానాయకుడు ఒకే చట్రంలో ఉండటానికి ఆ వెడల్పు ఆధారం. ఇటువంటి చిత్రాన్ని నాలుగుకు మూడు నిష్పత్తి గల వీసీడీలోకి మార్చడానికి రెండే దారులు. పక్కలు కోసి తెర నింపితే కొండలు పోతాయి. పైనా కిందా నల్లని పట్టీలు ఉంచి పూర్తి వెడల్పును చూపితే 288 గీతలలో చిత్రానికి మిగిలేవి సుమారు 163 మాత్రమే, ముఖాలు పోతాయి. వెడల్పు తెర విన్యాసాన్ని చర్చించే పరిశోధకుడు ఏ దారి పట్టిన ప్రతిని చూశాడో చెప్పకపోతే అతని పరిశీలన నిలబడదు.

‘మాయాబజార్’ సమస్య వేరు. 1957 నాటి నలుపు తెలుపు చిత్రానికి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులు అద్ది, ధ్వనిని పునర్నిర్మించి 2010 జనవరిలో విడుదల చేసింది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలోని వెలుగునీడల గురించి వర్ణచిత్రం ఆధారంగా రాయడం కుదరదు. రెండు రూపాలూ డిస్కులుగా ఇంట్లో ఉంటే అవి రెండు వేర్వేరు ప్రతులని చేతికే తెలుస్తుంది. స్ట్రీమింగ్‌లో ఏ రూపం పెట్టాలో వేదిక నిర్ణయిస్తుంది. ఒకదాని స్థానంలో మరొకటి వచ్చినా చిరునామా అదే, పేరు అదే. పాఠాంతరం ఉన్నదన్న సంగతే చెరిగిపోతుంది.

నిడివి విషయంలో జాగ్రత్త మరింత అవసరం. సెన్సారు ధ్రువపత్రం చిత్రం పొడవును మీటర్లలో తెలుపుతుంది. 35 మి.మీ. ఫిల్ము సెకనుకు 24 చట్రాల వేగంతో నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. అంటే 4,500 మీటర్ల చిత్రం దాదాపు 164 నిమిషాలు. సెకనుకు 25 చట్రాలు నడిచే పాల్ పద్ధతి డిస్కులో అదే చిత్రం ఏమీ కోయకపోయినా సుమారు 157 నిమిషాలకే ముగియవచ్చు. ఈ ఏడు నిమిషాల తేడాను కత్తిరింపుగా భ్రమించకూడదు. ఆపై తేడా ఉంటే దానిని విడిచిపెట్టనూ కూడదు. పాట తొలగించారా, హాస్య సన్నివేశం కుదించారా, రీలు శిథిలమై పోయిందా అన్నది వెదకాలి. ధ్రువపత్రం, డిస్కు, స్ట్రీమింగ్ రూపం – ఈ మూడింటిని పక్కపక్కన ఉంచి సరిచూడటం సినిమాకు వర్తించే పాఠపరిష్కరణ. స్థిరంగా నిలిచే ప్రతి ఒక్కటైనా చేతిలో లేకపోతే ఆ పని మొదలే కాదు.

విశాఖ, భీమునిపట్నం తీరాలలో తీసిన ‘మరోచరిత్ర’ 1978 నాటిది. కాపీరైటు చట్టంలోని 26వ సెక్షను ప్రకారం చలనచిత్రానికి రక్షణ విడుదలైన ఏడు ముగిసిన తరువాత 60 ఏళ్లు. ఆ లెక్కన ఈ చిత్రం 2039 జనవరి 1న గాని అందరి సొత్తు కాదు. అప్పటివరకు ఆనాటి సముద్రతీరం తెరమీద ఏ రూపంలో, ఎంత నాణ్యతతో కనిపించాలన్నది హక్కుదారుల చేతిలో ఉంటుంది. తన ఊరి దృశ్యచరిత్రను చదవదలచిన విశాఖ పరిశోధకునికి 34 రూపాయల డిస్కు పత్రాగారంతో సమానమైన విలువ సంతరించుకొనేది ఇక్కడే. 1921 నాటి ‘భీష్మప్రతిజ్ఞ’ ప్రతి నేడు దొరకదన్న చేదు నిజం ఈ జాగ్రత్తకు తగిన హెచ్చరిక.

6. చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

డిస్కులోని సినిమాను నకలు చేయడం పూర్తిగా నేరమన్న భావన విద్యాసంస్థలలో బలంగా ఉంది. చట్టపాఠం అంత సూటిగా లేదు. 14వ సెక్షను ప్రకారం చిత్రానికి నకలు తీయడం, ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచడం హక్కుదారుని ప్రత్యేక హక్కులు. అయితే 52వ సెక్షను వ్యక్తిగత వినియోగం, పరిశోధన, విమర్శ, సమీక్షల కోసం చేసే న్యాయమైన వాడుకను అతిక్రమణగా పరిగణించదు. 2012 సవరణతో ఈ వెసులుబాటు కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప అన్ని రచనలకూ విస్తరించింది. అందులో సినిమా చేరింది. పూర్తి నకలు న్యాయమైన వాడుకా కాదా అన్నది దాని ప్రయోజనాన్ని, అంగడిపై దాని ప్రభావాన్ని బట్టి కోర్టు తేల్చవలసినది. డబ్బు పెట్టి కొన్న డిస్కు, సొంత అధ్యయనం, ఇతరులకు పంచకపోవడం – ఈ మూడూ కలిసిన చోట వాదం బలంగా ఉంటుంది.

తాళం విషయంలో భారత చట్టం అమెరికా చట్టానికి భిన్నం. 2012లో చేరిన 65ఎ సెక్షను సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని రెండేళ్ల వరకు శిక్షార్హం చేసింది గాని, హక్కులను అతిక్రమించే ఉద్దేశం ఉండాలని షరతు పెట్టింది. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం తాళం తీయడాన్ని మినహాయించింది. మరొకరికి ఆ పనిలో సాయపడేవారు వారి పేరు, చిరునామా, ప్రయోజనం నమోదు చేసి ఉంచాలని కోరింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఒక పుస్తకం తెరిచి ఈ వివరాలు రాయడం కష్టమైన పని కాదు. వీసీడీ విషయంలో తాళమే లేదు కనుక ఆ ప్రశ్న కూడా తలెత్తదు.

బోధనకు మరికొన్ని అవకాశాలు ఉన్నాయి. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని రచనను పునరుత్పత్తి చేయడాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది; ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీ వివాదంలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ నిబంధనను ఉదారంగా వ్యాఖ్యానించింది. సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రుల వంటి పరిమిత ప్రేక్షకుల ముందు విద్యాసంస్థ తన కార్యక్రమాలలో భాగంగా చలనచిత్రాన్ని ప్రదర్శించడానికీ అదే సెక్షనులో చోటుంది. లాభాపేక్ష లేని గ్రంథాలయం చట్టబద్ధంగా కొన్న సినిమా ప్రతిని అరువివ్వడాన్ని ‘వాణిజ్య అద్దె’ నిర్వచనం నుండి తప్పించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి సంస్థ డిస్కును తన విద్యార్థికి ధైర్యంగా అరువివ్వవచ్చు. ఓటీటీ ఖాతా రహస్యపదాన్ని అలా ఇవ్వలేదు. ఇంటి వాడుకకే పరిమితమన్న ఒప్పందం అడ్డుపడుతుంది. చట్టం తెరిచి ఉంచిన తలుపును ఒప్పందం మూసివేస్తున్నదన్నమాట.

లోపం భద్రపరచే నిబంధనలో ఉంది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం సంరక్షణ కోసం రచనను ఎలక్ట్రానిక్ రూపంలో నిలువ చేయవచ్చునని 2012 సవరణ చెప్పింది. కాని గ్రంథాలయం వద్ద ‘డిజిటల్ కాని ప్రతి’ ముందే ఉండాలని షరతు పెట్టింది. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఈ షరతుకు సరిపోతుంది. వీసీడీ, డీవీడీ పుట్టుకతోనే డిజిటల్ ప్రతులు. అక్షరార్థంలో చూస్తే, అంతకు ముందు తరం క్యాసెట్టును కాపాడే హక్కు ఉన్న గ్రంథాలయానికి, చెడిపోతున్న డిస్కును కాపాడే హక్కు ఆ నిబంధన కింద లేదు. సవరణ రాసినవారి దృష్టిలో కాగితం, ఫిల్ము ఉండి ఉండవచ్చు. డిజిటల్ వస్తువు కూడా శిథిలమవుతుందన్న ఆలోచన ఉన్నట్లు లేదు. ఈ ఒక్క మాటను సవరించవలసిన అవసరం స్పష్టం.

7. ఎదురు వాదనలు

‘అన్నీ యూట్యూబ్‌లో ఉండగా డిస్కుల గోల ఎందుకు’ అన్నది మొదటి ఆక్షేపణ. అన్నీ ఉన్నాయన్న మాట నేటికి ఎంతవరకు నిజమైనా రేపటికి హామీ కాదు. ఉన్నది ఏ పాఠమో చెప్పే బాధ్యత కూడా అక్కడ ఎవరికీ లేదు. నకలు చేయడాన్ని అనుమతిస్తే పైరసీ పెరుగుతుందన్నది రెండవది, తీవ్రమైనది కూడా. తెలుగు పరిశ్రమ పైరసీ వల్ల నష్టపోతున్న మాట నిజం. కాని కొత్త చిత్రాన్ని విడుదల నాడే దొంగిలించేవారికి పాతికేళ్ల నాటి వీసీడీ అవసరం లేదు. దొంగ నకలు అమ్మేవానిని, తన డిస్కును తాను కాపాడుకొనేవానిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 65ఎ సెక్షనులో ‘ఉద్దేశం’ అనే మాటను ఉంచినది ఈ భేదం కోసమే. డిస్కు నాణ్యత తక్కువ కనుక అది పరిశోధనకు పనికిరాదన్నది మూడవది. తాటాకు ప్రతిలో లేఖక దోషాలున్నాయని పరిష్కర్తలు దానిని పారవేయలేదు. దోషాలతో సహా నమోదు చేశారు.

8. ముగింపు

డిస్కు కొన్నవారికి దక్కినవి మూడు: చూసే వీలు, అరువిచ్చే వీలు, మారని పాఠం. స్ట్రీమింగ్ మొదటిదానిని సులభం చేసి, మిగిలిన రెండింటిని తీసుకుపోయింది. అల్ట్రావయొలెట్ అనుభవం చూపినట్లు, డిస్కుకు బదులుగా ఇచ్చిన డిజిటల్ ఖాతా కూడా మొదటిదానినే ఇవ్వగలిగింది. కనుక తెలుగులో అటువంటి సేవ రావాలని కోరడంతో సరిపెట్టుకోకూడదు. కొన్న ప్రతిపై పాఠకునికి, గ్రంథాలయానికి ఉన్న చట్టబద్ధమైన అధికారాన్ని గుర్తించి వాడుకోవడం తక్షణ కర్తవ్యం.

ఆ కర్తవ్యం చిన్న పనులతో మొదలు కావచ్చు. సినిమాపై సిద్ధాంత గ్రంథం రాసేవారు తాము చూసిన ప్రతి వివరాలను – సంస్థ, మాధ్యమం, నిడివి, చట్ర నిష్పత్తి, స్ట్రీమింగ్ అయితే చూసిన తేదీ – గ్రంథసూచిలో పొందుపరచాలి. కళాశాల గ్రంథాలయాలు ఇళ్లలో మూలపడిన డిస్కులను విరాళంగా స్వీకరించి, ఆడుతున్నవి ఏవో ఆగినవి ఏవో పట్టిక వేయాలి. ‘డిజిటల్ కాని ప్రతి’ అన్న షరతును సవరించాలని విద్యాసంస్థలు కోరాలి.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో దాదాపు 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. ప్రపంచ సమాచారం ఈ తీరం మీదుగా సాగే రోజు రావచ్చు. సర్వర్లు ఊరిలోనే వెలసినా ఊరివారు కొన్న సినిమాపై వారి అధికారం దానంతట అది పెరగదు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో ఎదిగిన నగరానికి, వస్తువు దగ్గరలో ఉండటం వేరు, దానిపై హక్కు ఉండటం వేరు అన్న సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. టీవీ కింది అరలోని డిస్కుల కట్టకూ ఆ వివేచన వర్తిస్తుంది.